రీళ్ళ లెక్క

డిసెంబర్ 31, 2024. మంగళవారం. విజయవాడ.

ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అయింది. వీధి చివర బేకరీ దగ్గర కేకుల కోసం జనం రోడ్డు మీద దాకా నిలబడి ఉన్నారు. మా ఇంట్లో అమ్మ పెసరట్లు వేసింది. తింటుంటే నాన్న అడిగాడు, "ఈ ఏడాది మనం ఎన్ని సినిమాలు చూశామే?" అని. ఫోన్లో టికెట్ల మెసేజీలు వెతికి లెక్కపెట్టాను. నేను చూసినవి పద్నాలుగు. అందులో తొమ్మిది నాన్నతో.

తొమ్మిది అనగానే నాన్న ముఖం ఎంత వెలిగిందో రాసుకోవాలనే ఈ రాత్రి డైరీ తీశాను.

నాన్న ఇరవై ఆరేళ్ళు సినిమా హాల్లో ఆపరేటర్‌గా, అంటే ప్రొజెక్టర్ మీద బొమ్మ వేసే పని చేశాడు. అవనిగడ్డ వైపు చిన్న ఊళ్ళో హాలు. 2011లో అది మూతపడింది, ఇప్పుడు అక్కడ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. ఆ తర్వాత పన్నెండేళ్ళు నాన్న ఏ హాల్లోనూ అడుగుపెట్టలేదు. ఎప్పుడు పిలిచినా "చూసినవి చాల్లే" అనేవాడు. నిరుడు చివర్లో రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు గోడకేసి చూస్తూ, "తెలుపు ఇంత తెల్లగా ఉంటుందా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, సంక్రాంతికి బతిమాలి 'హనుమాన్'కి తీసుకెళ్ళాను.

సినిమా మొదలయ్యాక కూడా తెర చూడడే! వెనక్కి తిరిగి, వెలుగు వచ్చే కిటికీ వైపే చూస్తున్నాడు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ తెచ్చిన కుర్రాణ్ణి, "పైన ఆపరేటర్ ఉన్నాడా బాబూ?" అని అడిగాడు. "పైన ఎవరూ ఉండరండీ, అంతా కంప్యూటర్లోనే పెట్టేస్తారు" అన్నాడా అబ్బాయి. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండో సగం మాత్రం తెరకేసే చూశాడు.

తర్వాత అలవాటైపోయింది. ఏప్రిల్లో 'మంజుమ్మల్ బాయ్స్' తెలుగులో వస్తే, గుహలోకి తాడు దించుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. జూన్లో 'కల్కి' చూసి బయటికి రాగానే ఎంతసేపు నడిచిందని అడిగాడు. మూడు గంటల ఒక్క నిమిషం అన్నాను. "నిమిషానికి తొంభై అడుగుల ఫిల్మ్. పదహారు రీళ్ళు దాటింది" అన్నాడు వేళ్ళు మడుస్తూ. వెయ్యి అడుగులు ఒక రీలు. ఇదివరకు జనం కూడా మొదట్లో పడే సెన్సార్ సర్టిఫికెట్లో రీళ్ళెన్నో చూసేవాళ్ళు కదా, నాన్న ఇప్పటికీ సినిమాని అలాగే కొలుస్తాడు.

కానీ ఈ ఏడాది నాకు మిగిలేది ఆగస్టు 9. మహేష్ బాబు పుట్టినరోజుకి 'మురారి' మళ్ళీ వేశారు. 2001లో ఆ సినిమాని మా ఊళ్ళో ఆడించింది నాన్నే. అక్కడ రెండు ప్రొజెక్టర్ మెషీన్లు ఉండేవి. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర కుడి పైమూలలో చిన్న చుక్క పడుతుంది. అది చూసి రెండో మెషీను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు బొమ్మ దీని మీద నుంచి దాని మీదకి మారాలి. మెషీన్లో వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు అరిగే కొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే వెలుగు పడిపోతుంది. ఇదంతా రోజుకి నాలుగు ఆటలు.

ఆ రోజు హాల్లో కూర్చున్నాం. చుట్టూ అంతా ఇరవై ఏళ్ళ పిల్లలు. సినిమా నడుస్తుండగా ఒకచోట నాన్న కుడిచెయ్యి సీటు మీద నుంచి లేచి, గాలిలో దేన్నో పట్టుకున్నట్టు ఆగింది. "ఇక్కడ మారుతుంది" అన్నాడు మెల్లగా. తెర మీద చుక్కా లేదు, ఏమీ లేదు. ఇరవై మూడేళ్ళయినా ఆ చేతికి గుర్తుంది. పెళ్ళి పాట వచ్చేసరికి కుర్రాళ్ళు లేచి అక్షింతలు చల్లారు. కొన్ని నాన్న తల మీద పడ్డాయి. దులుపుకోలేదు. "ఈ పాట ఎన్నిసార్లు వేశానో నాకే తెలీదు. మెషీన్ల చప్పుడులో జనం ఏం చేస్తున్నారో వినపడేది కాదు" అన్నాడు. ఇన్నేళ్ళూ జనం చూసిన సినిమా వేరు, నాన్న చూసింది వేరు అని నాకు అప్పుడే తెలిసింది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద వచ్చింది. సింగ్ నగర్లో పిన్ని వాళ్ళిల్లు మునిగితే రెండు వారాలు అందరూ మా ఇంట్లోనే ఉన్నారు. నీళ్ళు తీశాక, బురద కడిగాక, పిల్లల్ని కాస్త మామూలు చేద్దామని '35 చిన్న కథ కాదు'కి వెళ్ళాం. విలువలేని సున్నా ఒకటి పక్కన నిలబడితే పది ఎలా అవుతుందని అందులో పిల్లాడు అడుగుతాడు. నాన్న చదివింది ఏడో తరగతి. ఆ ప్రశ్న గురించి ఆటోలో ఇంటి దాకా పిల్లలతో మాట్లాడుతూనే ఉన్నాడు. దీపావళికి 'లక్కీ భాస్కర్' చూశాం, బాగుంది.

'పుష్ప 2' రెండో ఆదివారం చూశాం. మూడు గంటల ఇరవై నిమిషాలు, పద్దెనిమిది రీళ్ళు. ప్రీమియర్‌కి వెళ్దామని మా తమ్ముడు గొడవపెట్టాడు కానీ 800 పెట్టి వద్దన్నాను. ఆ రాత్రే హైదరాబాద్‌లో తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది. కొడుకు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఆ వార్త వచ్చిన రోజు నాన్న అన్నం సరిగ్గా తినలేదు. "గేటు తియ్యడం కూడా ఒక పనే అమ్మా. మా మేనేజర్ ముందు ఆడవాళ్ళనీ పిల్లల్నీ లోపల కూర్చోబెట్టాకే మిగతా గేటు తీసేవాడు" అన్నాడు. ఆ పిల్లాడు బాగుపడాలని అమ్మ రోజూ దేవుడికి చెప్పుకుంటోంది.

మేం వెళ్ళిన ఆటలో బొమ్మ ఆగిపోయి పది నిమిషాలు రాలేదు. ఈలలు, అరుపులు. నాన్న లేచి నిలబడి, చెమటలు పట్టిన ముఖంతో వెనక కిటికీ వైపు చూస్తున్నాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "రీలు తెగితే నిమిషంలో అతికించేవాణ్ణి" అన్నాడు. బొమ్మ వచ్చేదాకా ఆ టెన్షన్ తగ్గలేదు.

పదకొండు కావస్తోంది. నిద్రపోయాడనుకున్నాను, తలుపు దగ్గరికి వచ్చి అడుగుతున్నాడు.

"సంక్రాంతికి ఏమేం వస్తున్నాయే?"

"'గేమ్ ఛేంజర్' పదో తారీఖు, 'డాకు మహారాజ్' పన్నెండు, 'సంక్రాంతికి వస్తున్నాం' పద్నాలుగు."

"మూడూ బుక్ చెయ్యి. వెనక వరసలు వద్దు, మధ్యలో తీసుకో. జనంలో కూర్చుందాం."