చీలమండ ఒకటే, పనులు రెండు

ఫుట్‌బాల్, సంగీతం రెండూ ఎలా కుదురుతాయని అడిగేవాళ్లంతా టైం గురించే అడుగుతారు. టైం కుదురుతుంది. పొద్దున్నే గ్రౌండ్, పగలు డిగ్రీ క్లాసులు, సాయంత్రం వయొలిన్. విజయనగరంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి సైకిల్ మీద ఎంతసేపని? చివరి ఏడాది నాకు కుదరనిది కుడికాలి చీలమండ.

మన పద్ధతిలో వయొలిన్ కింద కూర్చుని వాయిస్తాం. ఎడమకాలు మడిచి, కుడిపాదం కాస్త ముందుకు పెట్టి, వాద్యం కొనని ఆ చీలమండ మీద ఆనిస్తాం. వాద్యం స్థిరంగా ఉంటేనే ఎడమచెయ్యి తంత్రుల మీద పైకీ కిందికీ ధైర్యంగా జారుతుంది, గమకం, అంటే స్వరంలోని ఊపు, పలుకుతుంది. మైదానంలో నేను మిడ్‌ఫీల్డ్. బంతి అందుకోవడం, తిరగడం, పాస్ ఇవ్వడం అన్నీ ఆ కాలితోనే.

మా ఊళ్లో సంగీతానికి మినహాయింపులుండవు. 1919లో పెట్టిన మహారాజా వారి సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఘంటసాల మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, చదువుకున్న ఊరు ఇది. ఇక్కడ డిప్లొమా రెండో ఏడు చదువుతూ ‘మ్యాచ్ ఉంది గురువుగారూ’ అంటే వినేవాళ్లు తక్కువ. అలా వినకపోవడమే నాకు మేలు చేసిందని మనస్ఫూర్తిగా అంటాను.

కాలి సంగతికి ముందు ఇంకోటి చెప్పాలి. ఆట అలసటని సంగీతం తీరుస్తుందని చాలామంది అంటారు. వాయించేవాళ్లకి అలా ఉండదు. గట్టిగా పరిగెత్తి వచ్చి కమాను, అంటే వయొలిన్ విల్లు, పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. షడ్జం (స) మీద నిదానంగా ఒక్క కమాను లాగితే గుండె కొట్టుకోవడం ఆ స్వరంలోనే వినపడుతుంది. అందుకని గ్రౌండ్ నుంచి వచ్చాక జంటవరసలు, దాటువరసలు లాంటి తొలి పాఠాలు మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, వాయించేవాణ్ణి. నిడివైన కమాను సాధన, రాగాలాపన రాత్రికి దాచుకునేవాణ్ణి. ఈ మార్పొక్కటీ చేసుకున్నాక నాదం కుదుటపడింది.

ఇంటర్ కాలేజియేట్ సెమీఫైనల్లో కాలు లోపలికి మెలిపడింది. సాయంత్రానికి ఎముక కనపడనంత వాపు. “ఏటిరా ఇది, పరీక్ష ముందర!” అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, బయటివైపు లిగమెంట్ సాగింది. ఐస్, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తులో పెట్టుకోవడం, ఇవన్నీ ఆటగాళ్లకి తెలిసినవే. ఫిజియో చివర్లో చెప్పిన మాటే నన్ను కుంగదీసింది: “బాసింపట్టు వెయ్యకు.” అలా కూర్చుంటే పాదం కిందికి వాలి లోపలికి తిరుగుతుందట. దెబ్బ తగిలినప్పుడు తిరిగింది కూడా సరిగ్గా అటే. పైగా వాచిన ఎముక నేలకి ఒత్తుకుంటుంది.

కుర్చీలో కూర్చుని ప్రయత్నించాను. ఆనిక లేని వయొలిన్ జారిపోతుంటే చెయ్యి దాన్ని పట్టుకోవడానికే సరిపోయింది. గురువుగారు చూసి, “కాలు ఇంకాస్త చాపు నాయనా. మోకాలి కింద దిండు పెట్టు, మడమ దగ్గర ఎత్తు పెట్టు” అన్నారు. అమ్మ పాత నేతచీర మెలిపెట్టి చుట్టకుదురు చేసింది, బిందె కింద పెట్టేలాంటిదే. దాని మీద పాదం పెడితే బయటి ఎముక చుట్ట మధ్యలోని ఖాళీలోకి వచ్చి నేలకి తగల్లేదు, పాదం లోపలికి వాలలేదు. వయొలిన్ కొన ఎప్పటి చోటే ఆనింది. ఆ రోజు వర్ణం (కచేరీ మొదట్లో వాయించే రచన) మొదటి కాలంలో పూర్తిగా వాయించగలిగాను.

నడక వచ్చాక ఫిజియో ఒంటికాలి మీద అరనిమిషం నిలబడమన్నారు. గడియారం చూస్తూ నిలబడితే తూలిపోయేవాణ్ణి. అట తాళం వేస్తూ నిలబడ్డాను. దానికి పద్నాలుగు అక్షరాలు, అంటే లెక్కలు; నింపాదిగా రెండావర్తాలు (రెండు చుట్లు) వేస్తే దాదాపు అరనిమిషమే. చెయ్యి లఘువు (తాళంలో వేళ్లు లెక్కపెట్టే భాగం) లెక్కలో పడగానే కాలి మీద ధ్యాస తగ్గేది, తూలడమూ తగ్గేది. నోటితో వర్ణం పాడుకుంటూ వేస్తే పాఠం కూడా గట్టిపడింది. కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఇది చూసి కాలు బాగున్నవాళ్ల చేత కూడా తాళం వేయించి నిలబెట్టారు.

ప్రాక్టికల్స్ నాడు చుట్టకుదురు సంచిలో పెట్టుకెళ్లాను. ఎగ్జామినర్ గారు అది చూసి కారణం అడిగి, “సరే, కానీ” అన్నారు. వర్ణం రెండు కాలాల్లో, ఒక కృతి, ఆలాపన, కల్పన స్వరాలు. ఆలాపనలో పైస్థాయి షడ్జం మీద నిలిచినప్పుడు కమాను వణకలేదు. ఫస్ట్ క్లాస్ వచ్చింది.

సౌత్ జోన్ టోర్నమెంటుకి యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్ ఆ తర్వాత విశాఖలో జరిగాయి. చీలమండకి టేపు వేసుకుని ఆడాను. మొదటి టాకిల్‌కి వెళ్లేదాకా భయమే, ఆ తర్వాత మర్చిపోయాను. ప్రాబబుల్స్‌లో, అంటే తుది జట్టుకి ముందు వేసే జాబితాలో, నా పేరు వచ్చింది. క్యాంపుకి వయొలిన్ తెచ్చుకోవచ్చా అని పీడీ సార్‌ని అడిగితే, “తెచ్చుకో. ఆ చీరముక్క కూడా తెచ్చుకో” అన్నారు.