“శ్రీకాకుళం కరెంటు అంతే సార్”: ఎస్‌ఎంపీఎస్ వారంటీతో నా అనుభవం

కొత్త ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని మార్చి కంప్యూటరు భాగాలకి అందించే డబ్బా) నిన్న సాయంత్రమే బిగించాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇదే గోల పడుతున్నవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉండే ఉంటారు.

ముందు జబ్బేమిటో చెప్తాను. సినిమాలు, ఎక్సెల్, బ్రౌజరు ఎంతసేపు నడిపినా ఏమీ కాదు. గేము పెట్టిన కాసేపటికి టపీమని స్క్రీను నల్లబడి, కంప్యూటరు దానంతటదే మళ్లీ ఆన్ అవుతుంది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఈ కార్డుకి దాని కంపెనీ ఎన్‌విడియా చెప్పే ఎస్‌ఎంపీఎస్సే 550 వాట్లు, కార్డు తినేది 170. కాబట్టి వాట్లు చాలకపోవడమన్న మాటే లేదు.

విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే ఎంట్రీ కనబడింది. చాలామంది దాన్ని చూసి ఏదో పెద్ద రోగం పేరనుకుంటారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మిషను ఆగిందని చెప్పడమే దాని పని, ఎందుకాగిందో చెప్పదు. కాకపోతే దాని వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ అనే చోట 0 ఉంటే, విండోస్‌కి చావు కబురు రాసుకునే టైము కూడా దొరకలేదన్నమాట. అప్పుడు సాఫ్ట్‌వేర్ కంటే ముందు కరెంటు వైపు చూడాలి.

అయినా వరసలోనే వెళ్లాను. డ్రైవర్లని పూర్తిగా తుడిచేసే డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో సేఫ్ మోడ్‌లో కార్డు డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ లేదు. వేడి చూశాను, కార్డు డెబ్బై దాటలేదు. (ఊళ్లో ఒకాయన ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది అయిదొందలు పుచ్చుకున్నాడు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఉన్నది ఆ రబ్బరే.) తర్వాత ఓసీసీటీలో (మిషను మీద పూర్తి లోడు పెట్టి చూసే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ ఒక్కదాన్నే నొక్కితే బాగానే ఉంది. కార్డుని కూడా కలిపి నొక్కానో లేదో, ఆగిపోయింది. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ (అది తినగలిగే కరెంటుకి హద్దు) 70 శాతానికి దించితే మాత్రం హాయిగా నడిచింది. విజయనగరం నుంచి మా బామ్మర్ది తన ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టాడు. లిమిట్ మళ్లీ 100 చేసి సాయంత్రమంతా ఆడాం, ఉలుకూ పలుకూ లేదు. “బావా, దొంగ దొరికేడు” అన్నాడు.

దొంగ దొరికితే సరిపోదు, వారంటీవాడు ఒప్పుకోవాలి కదా. అమ్మిన షాపువాడు తనకి సంబంధం లేదనేశాడు. సర్వీస్ సెంటర్ విశాఖలో ఉందట. బిల్లు, పెట్టె, ఎస్‌ఎంపీఎస్ సంచిలో వేసుకుని ఆమదాలవలసలో రైలెక్కాం. మావాడు ఇంటర్ సెకండియర్, బీచ్ చూస్తానని వెంట వచ్చాడు.

కౌంటర్లో కుర్రాడు నా మాట సగంలో ఉండగానే మావాడి వైపు తిరిగి, “ఏ గేములు ఆడతావు తమ్ముడూ? ఇంటర్ అంటున్నారు, చదువుకోవాలి మరి” అని మొదలెట్టాడు. నాకూ ఒక సలహా పారేశాడు: “కొన్నాళ్లు మానిపించండి సార్, మిషనూ బాగుంటది, బాబూ బాగుపడతాడు.” మావాడు నవ్వాపుకోలేక “నాది కాదండి, మా నాన్నది” అన్నాడు. వెనక వరసలో నిలబడ్డ జనమంతా నన్ను పైనుంచి కిందకి చూశారు. నలభై ఒకటేళ్లు నాకు. ఏడు రోడ్ల కూడలి దగ్గర నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం మాది. ల్యాన్ తెగితే కేబులు క్రింపింగ్ నేనే చేసేవాణ్ని, ఓనరు ఆ గంట డబ్బులు వదిలేసేవాడు. ఆ సంగతి ఆ కుర్రాడికి చెప్పబోయి ఊరుకున్నాను.

ఆ తర్వాత పరీక్ష. ఒంచిన పిన్నీసులాంటి తీగొకటి తీసి 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ కలిపాడు. ఫ్యాను తిరిగింది. “చూశారా, మంచిదే.” అంతే! కార్డు లేదు, లోడు లేదు, మీటరు కూడా లేదు. ఖాళీ లారీ ఘాటెక్కింది కాబట్టి రాళ్ల లోడుతోనూ ఎక్కేస్తుందన్నట్టుంది ఆ లెక్క. లోడు పెట్టి చూడమన్నాను. “ఏ ఊరు సార్ మీది?” అన్నాడు. చెప్పాను. “అదీ సంగతి. శ్రీకాకుళం కరెంటు అంతే సార్. ఎర్తింగ్ ఉండదు, వోల్టేజీ ఉండదు. ముందు ఇంట్లో చూపించుకోండి.” జాబ్ షీటు మీద లోపం లేదని రాసి, వస్తువు వెనక్కి తోసేశాడు.

గేములంటే పడని మనిషి అనుకుని అది వదిలేయొచ్చు. ఊరి పేరు వినగానే తీర్పు చెప్పేయడం ఉంది చూశారూ, అది మాత్రం రైల్లో వస్తున్నంతసేపూ కడుపులో మండుతూనే ఉంది. తిత్లీ తుఫానుకి 2018 అక్టోబరులో మా వైపు స్తంభాలు నేలకొరిగిన మాట నిజమే. అయితే మాత్రం, అప్పట్నుంచీ చీకట్లోనే కూర్చున్నామా ఏటి? పైగా ఆ పెట్టె మీద వాళ్లే ఇన్‌పుట్ 100–240 వోల్టులని అచ్చేశారు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ని పిలిచాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 228 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటిన్నర. ఫేజుకీ ఎర్తుకీ మధ్య వంద వాట్ల బల్బు పెడితే నిండుగా వెలిగింది, అంటే వోల్టేజీ, ఎర్తు రెండూ బాగున్నట్టే. నూతి పక్కన బొగ్గూ ఉప్పూ వేసి తీసిన ఎర్తు గొయ్యి మాది, వేసవిలో రోజూ నీళ్లు పోస్తాం. ఈ బల్బు పని మీరు చెయ్యకండి, తెలిసినవాడితో చేయించండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే మాత్రం ఎర్తు లేనట్టే అనుకుని వెంటనే పిలవండి.

ఇక అసలు సాక్ష్యం. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చి వాడకుండా మిగిలిపోయిన మోలెక్స్ అనే నాలుగు పిన్నుల కనెక్టరులో పసుపు వైరుకి మీటరు ఎర్ర ముల్లు, నల్ల వైరుకి నల్ల ముల్లు. పసుపు వైరు మీద 12 వోల్టులుండాలి. ఎస్‌ఎంపీఎస్‌లకి పెట్టిన ఏటీఎక్స్ అనే ప్రమాణం లెక్క ప్రకారం అయిదు శాతం అటూఇటూ, అంటే 11.4 కంటే దిగకూడదు. ఓసీసీటీ మొదలెట్టకముందు 12.05. మొదలెట్టగానే 11.6. తర్వాత 11.4, 11.3, 11.2, నలుపు. మావాడు మీటరూ మానిటరూ ఒకే ఫ్రేములో పడేలా ఫోనులో తీశాడు. అదే వీడియోలో గోడ ప్లగ్గులో వోల్టేజీ కూడా చూపించాం. ముళ్లు ఒకదానికొకటి తగిలాయో షార్టే, చెయ్యి వణికేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత అసలు తియ్యొద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జి ఉంటుంది, మూత తీస్తే వారంటీ కూడా పోతుంది.

వీడియో, బిల్లు, సీరియల్ నంబరు ఫోటో, ఆ జాబ్ షీటు అన్నీ కలిపి కంపెనీకి మెయిల్ కొట్టాను. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు కూడా పెట్టించాను. ఏది పనిచేసిందో గానీ, మార్చి ఇస్తామని కబురొచ్చింది. కౌంటర్ దగ్గర నోటిమాట పట్టుకుని వచ్చేయకండి. వాళ్లు రాసేది తప్పయినా సరే, కాగితం మీద రాయించుకోండి. ఆ తప్పు కాగితమే నాకు పనికొచ్చింది.

రెండోసారి వెళ్తే అదే కుర్రాడు. “మెయిల్ పెట్టారట కదా సార్, కూర్చోండి” అన్నాడు. నా మోడల్ స్టాకు లేదట, 650 వాట్లది ఇచ్చాడు. వారంటీ పాతదాంట్లో మిగిలినంతే. చూస్తే డబ్బాలో కేబుళ్లు లేవు. “పాతవి ఉన్నాయి కదా సార్, అదే కంపెనీ, అవే పట్టేస్తాయి.”

ఇది మాత్రం గుర్తుంచుకోండి. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్లు డబ్బా నుంచి విడిగా ఊడొచ్చే రకం) కేబుళ్లు ఒక మోడల్‌వి ఇంకోదానికి వాడకూడదు. కార్డు వైపు, మదర్‌బోర్డు వైపు పిన్నులు అందరివీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఏ పిన్నులో ఏముండాలో కంపెనీ ఇష్టం, ఒకే కంపెనీలో రెండు మోడళ్లకీ తేడా ఉండొచ్చు. కన్నంలో పట్టినంత మాత్రాన సరైనది కాదు. అయిదు వోల్టులు వెళ్లాల్సిన చోట పన్నెండు వెళ్తే హార్డ్ డిస్కు అక్కడికక్కడే పోతుంది. అదే చెప్పి, “వీటి వల్ల ఏది పోయినా మీదే బాధ్యత అని రాసివ్వండి, పాతవే వాడతాను” అన్నాను. పెన్ను తీసినవాడు మళ్లీ జేబులో పెట్టుకుని లోపలికెళ్లి, సీలు తియ్యని కేబుళ్ల సంచి తెచ్చాడు.

కేబుళ్లు ఎన్నున్నాయో కూడా రసీదులో రాయించుకునే బయటపడ్డాను. లిమిట్ 100లో పెట్టి నిన్న రాత్రి రెండు దాకా ఆడాను, ఎక్కడా ఆగలేదు.