పసుపుపచ్చ నుంచి ఆకుపచ్చకు: మా ఇంటి నూరువరహాలు

హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నాక గేటు నుంచి మెట్ల దాకా, ప్రహరీ గోడ వెంట రెండడుగుల వెడల్పున మట్టి మిగిలింది. అందులో ఏం వేయాలన్నదానిపై ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మందారం ఏపుగా పెరిగితే స్కూటరుకు అడ్డం. గులాబీకి ముళ్లు. చామంతి కాలం దాటితే ఎండు పుల్లలే మిగులుతాయి. ఏడాది పొడవునా ఆకులు నిండుగా ఉండాలి, మోకాలెత్తుకు మించి పెరగకూడదు, పూజకు నాలుగు పూలివ్వాలి అని అమ్మ తేల్చేసింది. ఇన్ని షరతులకు ఒప్పుకునే మొక్క పొట్టి రకం నూరువరహాలు ఒక్కటే కనిపించింది.

ఊళ్లో మా పెరట్లో ఉన్న నూరువరహాలు మనిషిని మించిన పొద. పిల్లలమంతా పూలు తెంపి, సన్నటి కాడ చివర తేనె పీల్చేవాళ్లం. నర్సరీలో ఆ పేరు చెబితే అక్కడి కుర్రాడు తెల్లమొహం వేశాడు. ‘మినీ ఇక్సోరా’ అనగానే తెచ్చి చూపించాడు. ఆ లాటిన్ పేరు వెనక ఉన్నది మన ఈశ్వరుడే. మొక్క పుట్టిల్లు కూడా దక్షిణ భారతం, శ్రీలంకలే. మన నేలలో మన మొక్కకు కష్టమేముంటుందిలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

కడియం నుంచి వచ్చినవని చెప్పి ఆరు మొక్కలు ఇచ్చారు. గోడకు జానెడు దూరంలో గుంతలు తీసి, గుప్పెడు వర్మికంపోస్టు వేసి నాటాను. రెండు నెలలు బాగానే ఉన్నాయి. మూడో నెలలో కొత్త చిగుళ్లు నిమ్మపండు రంగులో వచ్చాయి. లేత ఆకు కదా, ముదిరితే రంగు మారుతుందని ఊరుకున్నాను. మారలేదు. ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఈనెలు మాత్రం పచ్చదారంతో కుట్టినట్టు స్పష్టంగా ఉన్నాయి, వాటి మధ్య భాగమంతా పాలిపోయింది. కింది ముదురు ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

ఆ తర్వాత నేను చేసిన వైద్యం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బలం చాలలేదనుకుని యూరియా చల్లాను. పక్కింటివారు చెప్పారని కోడిగుడ్డు పెంకులు దంచి పాదుల్లో పోశాను. అమ్మ పొయ్యి బూడిద మంచిదంటే అదీ వేశాను. అన్నిటికంటే ఘనకార్యం, తాగునీటి ఫిల్టరు వదిలేసే నీళ్లను వృథా చేయకూడదని రోజూ బకెట్టు నింపి ఈ మొక్కలకే పోశాను. మాది బోరు నీరు. బకెట్టు ఆరితే అంచున తెల్లటి పొర మిగులుతుంది. అలాంటి నీటిలోని లవణాలను ఫిల్టరు ఇంకా చిక్కబరిచి బయటికి పంపుతుంది. అంటే యూరియా పోను, మిగతా మూడు వైపుల నుంచీ సున్నమే పెట్టానన్నమాట. ఆర్నెల్లు తిరిగేసరికి చిగుళ్లు దాదాపు తెల్లబడ్డాయి, అంచులు మాడాయి. పూలు సరేసరి.

మలుపు తిప్పింది అనంతపురంలో వేరుశనగ వేసే మా చిన్నాన్న. ఫోనులో ఫోటో పంపితే అరనిమిషంలో తిరిగి ఫోను చేశాడు.

“పసుపు ఎక్కడ మొదలైంది, కింది ఆకుల్లోనా, చిగురులోనా?”

“చిగురులోనే చిన్నాన్నా.”

“అయితే ఇనుము అందడం లేదు. మా చేలో ఏటా చూసేదే. అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేటు, నిమ్మ ఉప్పుతో కలిపి కొట్టు. కానీ ముందు ఆ మట్టి సంగతి చూడు, లేకపోతే జీవితాంతం కొడుతూనే ఉంటావు.”

యూరియాలో ఉండే నత్రజని తక్కువైతే మొక్క ముదురాకుల్లోంచి తీసి లేతాకులకు పంపుకుంటుందట. అందుకని కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము అలా కదలదు. అందుకే దెబ్బ చిగురు మీద పడుతుంది. మట్టిలో ఇనుము లేకపోవడం చాలా అరుదు. సున్నం ఎక్కువైతే అది వేరు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతుంది. నూరువరహాలకు కాస్త పుల్లటి నేల ఇష్టం, ఉదజని సూచిక (pH, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6కు అటూ ఇటూ. భూసార పరీక్షకు పంపితే మా పాదులో 8.2 వచ్చింది.

ఆ ఆదివారం గోడ పక్క తవ్వాను. జానెడు లోతులో బూడిదరంగు పెళ్లలు. గోడకు పూత పూసినప్పుడు రాలిన సిమెంటు, ఇసుక, ఇటుక ముక్కలు అన్నీ అక్కడే కప్పెట్టి పైన జానెడు ఎర్రమట్టి పరిచారు. ఒక పెళ్ల మీద వంటింటి వెనిగరు రెండు చెంచాలు పోశాను. సోడా సీసా మూత తీసినట్టు బుసబుసా పొంగింది, సున్నం ఉందనడానికి అదే గుర్తు. మా అమ్మాయికి అది వేడుక, మూడుసార్లు పోయించింది. నాకు మాత్రం ఆ పొంగులో ఆర్నెల్ల యూరియా ఖర్చు కనిపించింది.

గంధకం పొడి వేస్తే మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి, కానీ అది నెలలు పట్టే పని. ఇంత సున్నం ఉన్నచోట గంధకం ఎంతని వేస్తాం? అందుకే మట్టే మార్చాను. గోడకు అడుగు ఎడంగా, అడుగున్నర లోతు గుంతలు తీసి, చెత్తంతా పన్నెండు సంచుల్లో బయటికి పంపాను. చెరువు వైపు నుంచి తెప్పించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, కంపోస్టు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాను. వర్షాలు మొదలయ్యాక మొక్కల్ని మట్టి గడ్డతో సహా మార్చాను. ఆరింటిలో ఒకటి చచ్చిపోయింది.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ దిగాక ఆకులు తడిసేలా వారానికోసారి, మూడుసార్లు కొట్టాను. తెల్లటి గోడ దగ్గర ఈ పని చేసేవాళ్లు ముందు పాత చీరో గోనెపట్టో అడ్డం కట్టుకోండి. నేను కట్టలేదు. అన్నభేది తుప్పు మరకలు ఇప్పటికీ మా ప్రహరీకి అలంకారమే. నీళ్ల విషయానికొస్తే వానాకాలంలో డాబా మీది వాననీరు, వేసవిలో ఏసీ నుంచి కారే నీరు. ఏసీ గొట్టం కింద పెట్టిన బకెట్టు ఒక రాత్రికే చాలావరకు నిండేది. అందులో సున్నం ఉండదు. ఫిల్టరు వదిలే నీళ్లు ఇప్పుడు వాకిలి కడగడానికి వెళ్తున్నాయి.

రెండో స్ప్రే తర్వాత, పది రోజులకు, ఒక చిగురు ఆకుపచ్చగా విచ్చుకుంది. పసుపెక్కిన పాత ఆకులు పూర్తిగా కోలుకోలేదు, అవి రాలిపోయాకే పొదకు కళ వచ్చింది.

ఆ తర్వాతివి చిన్న చిన్న పాఠాలు. పొద గుండ్రంగా ఉండాలని పదిహేను రోజులకోసారి కత్తెర ఆడించేవాణ్ని. పూగుత్తి కొత్త రెమ్మ కొసన వస్తుంది కాబట్టి మొగ్గల్ని నేనే కత్తిరించుకుంటున్నానని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఒక విడత పూసి వాడిన తర్వాతే, గుత్తి కింద రెండు కణుపులు వదిలి కత్తిరిస్తున్నాను. వేసవిలో చీమలు బారులు తీరితే ఆకుల అడుగున పిండినల్లి ఉందనే లెక్క. నీళ్లు జోరుగా కొట్టి కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే చాలు.

చచ్చిపోయిన మొక్క స్థానంలో నర్సరీకి వెళ్లకుండా మా వాటి నుంచే పెన్సిలు మందం కొమ్మ ఒకటి తీసి వర్షాకాలంలో నాటాను. అది వేళ్లూనింది, అన్నిటికంటే పొట్టిగా ఉన్నా దాని ఆకులే ముదురు పచ్చ. మట్టి మార్చిన పద్నాలుగో నెలలో దానికి మొదటి గుత్తి వచ్చింది. వరహా అంటే బంగారు నాణెం కదా, నూరు ఉన్నాయో లేదో చూద్దామని మా అమ్మాయి వేలితో ఒక్కో పువ్వూ తాకుతూ లెక్కపెట్టింది. నలభై మూడు. మొగ్గల్ని కలపలేదని నాతో వాదిస్తోంది.