పాడేరు కొండల్లో ఊట దాకా

పాడేరు ఏజెన్సీ అనగానే మైదానం నుంచి వెళ్లేవాళ్లకి గుర్తొచ్చేది వంజంగి మబ్బులూ, లంబసింగి చలీ. నేను వెళ్లింది వాటి కోసం కాదు. కొండ మీద ఒక కోందు గిరిజనుల ఊరికి ఏడాది పొడుగునా మంచినీళ్లిచ్చే ఊట ఉందనీ, ఎండాకాలంలో చుట్టుపక్కల గెడ్డలన్నీ, అంటే వాగులన్నీ, అడుగంటినా అది పారుతూనే ఉంటుందనీ అక్కడి బడిలో మాస్టారుగా చేసే నా మిత్రుడు ఎప్పటినుంచో చెబుతున్నాడు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఊటలో కాళ్లు పెట్టుకుని రీల్స్ తీసుకునేవాళ్లు బయల్దేరతారు. ఆ ఊరు తాగేది ఆ నీళ్లే.

విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు దాకా బస్సుంది. ఘాట్ ఎక్కేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేయడం తప్ప ఇబ్బందేం లేదు. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రం కూడా కాబట్టి బస్సులకి కొదవ లేదు. చిక్కంతా ఆ తర్వాతే. లోపలి ఊళ్లకి సర్వీసు జీపులే దిక్కు, అవి నమ్మకంగా తిరిగేది సంత రోజున. అందుకే సెలవు చూసుకుని కాదు, సంత చూసుకుని బయల్దేరమన్నాడు మిత్రుడు. మధ్యాహ్నం సంత నుంచి తిరిగెళ్లే జీపు దొరికింది. లోపల బస్తాలు, బస్తాల మీద మనుషులు, టాప్ మీద ఇంకొందరు. నా ఒళ్లో ఎవరిదో కోడి. దారిలో ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోయిందో కూడా గమనించలేదు.

తారు రోడ్డు అయిపోయాక మట్టి రోడ్డు, అదీ అయిపోయాక నడక. ఊరు చేరేసరికి పొద్దు వాలింది. మిత్రుడు ముందే కబురు పెట్టి ఉంచినా, నేరుగా ఊట దగ్గరికి వెళ్లిపోకుండా ఊరి పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాడు. ఇది తప్పకుండా చేయాల్సిన పని. ఎవరి అనుమతీ లేకుండా బయటివాళ్లు తమ నీళ్ల దగ్గర తచ్చాడితే ఏ ఊరివాళ్లకైనా అనుమానం వస్తుంది. పెద్దవాళ్లు వాళ్లలో వాళ్లు తమ భాష కువిలో మాట్లాడుకుంటారు, మాతో మాత్రం తెలుగే.

"ఏటి పని మీద ఒచ్చారు బాబూ?"

"ఊట చూద్దామని తాతా."

ఆయన మిత్రుడి వంక చూసి నవ్వాడు. "నీళ్లు చూడ్డానికా ఇంత దూరం?" పక్కనున్న ఆడవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. పొద్దున్నే తన మనవరాలు నీళ్లకి వెళ్తుందనీ, ఆ పిల్ల వెంట వెళ్లమనీ చెప్పాడు.

రాత్రి బడిలోనే పడుకున్నాం, దోమతెర కట్టుకుని. ఏజెన్సీలో మలేరియా సంగతి తెలిసినవాళ్లెవరూ దోమతెర మానరు.

తెల్లారుతూనే బయల్దేరాం. కొండ ఊట కదా, పైకెక్కాలనుకున్నాను. దారి కిందికి దిగింది. ఊరు పైన, ఊట లోయ వైపు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. అంతకుముందు ఒక జల్లు పడినట్టుంది, కాఫీ కొమ్మల నిండా తెల్లటి పూలు. మల్లెపూల లాంటి వాసన. కాఫీ పువ్వు నిలిచేది కొద్దిరోజులే, సరిగ్గా ఆ రోజుల్లోనే మేం అక్కడ ఉండటం మా అదృష్టం.

దిగడం తేలికనుకోవద్దు. ఎర్రమట్టి మీద గులకరాళ్లు, వాటి మీద ఎండుటాకులు. ఎక్కడ అడుగేస్తే ఏది జారుతుందో తెలీదు. మాస్టారు ఇచ్చిన కర్ర లేకపోతే సగం దారి కూర్చునే దిగేవాణ్ణి. మనవరాలు చెప్పుల్లేకుండా, చంకలో సిల్వర్ బిందెతో మాకంటే చాలా ముందు వెళ్లిపోయి, మలుపుల దగ్గర ఆగి మాకోసం చూసేది.

ఊట దగ్గర పెద్ద హడావుడేం లేదు. ఫొటో తీస్తే ఏమీ పడదు కూడా. ఓ పెద్ద బండ, దాని అడుగున అరచెయ్యి పట్టేంత సందు, అందులోంచి నీళ్లు. సందుకి సగానికి చీల్చిన వెదురు దోనె ఒకటి ఆనించారు, దాని కింద బిందె పెట్టడానికి చదునైన రాయి. చుట్టూ పెద్ద చెట్లే, ఒక్కటీ నరకలేదు. ఆ పిల్ల ముందు దోనెలో చేరిన ఆకుల్ని వేలితో లాగేసింది. ఇసకతో బిందె తోమి, రెండుసార్లు కడిగి, అప్పుడు పెట్టింది. నిండాక ఆకులున్న చిన్న కొమ్మ తుంచి నీళ్లలో వేసింది. నడుస్తుంటే నీళ్లు తుళ్లకుండా అది ఆపుతుందట. చుట్టకుదురు సర్దుకుని బిందె నెత్తికెత్తుకుంది.

చలికి వణుకుతూ వేలు పెట్టి చూస్తే నీళ్లు గోరువెచ్చగా తగిలాయి. మధ్యాహ్నం ఇవే నీళ్లు చల్లగా ఉంటాయి. మారేది నీళ్లు కాదు, మన చుట్టూ గాలి. భూమి లోపలి నుంచి వచ్చే నీటి వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి, ఈ కోందుల పేరే దానికి పెట్టారు. పైన శిథిలమై మెత్తబడిన పొర వాన నీటిని పీల్చుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడిన వానలూ, తుఫాన్ల వానలూ ఆ పొరలో మెల్లగా కిందికి దిగి, గట్టిరాయి తగిలాక పక్కకి మళ్లి, వాలులో దారి దొరికిన చోట బయటపడతాయి. పైన అడవి ఉంటేనే వాన నీరు పారిపోకుండా ఇంకుతుంది. ఊట చుట్టూ చెట్లు ఎందుకు నరకరని అడిగితే మాత్రం ఆ పిల్ల నాకేదో తిక్క ఉన్నట్టు చూసింది. "నరికితే నీళ్లుంటాయా?"

ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాం. పదిహేను లీటర్ల బిందె నిమిషంలో నిండింది. రోజుకి లెక్కేస్తే 21,600 లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలి. ఊళ్లో నూట యాభైమంది ఉన్నారనుకున్నా 8,250 లీటర్లు చాలు. అంటే నీటికి కరువు లేదు. రాత్రంతా పారేది పట్టి ఉంచే తొట్టి లేదు, ఆ నీళ్లు పైనున్న ఊరికి ఎక్కే దారి లేదు. ఏజెన్సీలో చాలా ఊళ్లకి గ్రావిటీ స్కీములున్నాయి. ఊట పైనుంటే దాని దగ్గర తొట్టి కట్టి పైపు వేస్తే చాలు, మోటారూ కరెంటూ లేకుండా నీళ్లు ఊళ్లోకి దిగుతాయి. ఈ ఊరిది తలకిందుల వ్యవహారం.

ఎక్కేటప్పుడు నేను పది లీటర్ల క్యాను పట్టుకున్నాను, సాయం చేస్తున్నాననే ఉద్దేశంతో. మూడో మలుపు దగ్గర మాస్టారు తీసేసుకున్నాడు. నిండు బిందెతో ముసలావిడ ఒకామె మమ్మల్ని దాటి వెళ్తూ, "ఎల్లండి బాబూ, మెల్లగా ఎల్లండి," అంది. మనవరాలు ఆ పూట ఇంకో బిందెకి మళ్లీ దిగింది, ఆ తర్వాతే బడి.

ఎవరైనా ఇలాంటి చోటికి వెళ్తే రెండు మాటలు. ఊట ఎంత తేటగా కనిపించినా కాచే తాగండి. వానాకాలంలో పైనుంచి పశువుల పేడ కొట్టుకొచ్చి విరేచనాలు పట్టుకోవడం మామూలే, బడిలో మాస్టారు పిల్లలకి కాచిన నీళ్లే ఇస్తాడు. రెండోది, స్నానం, సబ్బు, చేతులు కడుక్కోవడం, ఏదైనా దోనెకి దిగువనే.

సాయంత్రం తాతకి నిమిషం లెక్క చెప్పాను. ఆయన రెండోసారి చెప్పించుకున్నాడు. "అదే కాయితం మీద రాసి ఇయ్యండి. గ్రీవెన్స్‌లో ఎన్నిసార్లు ఇచ్చినా 'నీళ్లు చాలవు, స్కీము అవదు' అంటన్నారు." బడి నోటుబుక్‌లోంచి కాగితం చించి, బిందె లెక్క, ఇళ్లెన్ని, ఫోన్ చూపించిన ఎత్తు తేడా, తొట్టికీ సోలార్ మోటారుకీ విన్నపం, అన్నీ మాస్టారు చెబుతుంటే నేను రాశాను. సంతకాలూ వేలిముద్రలూ కలిపి రెండో పేజీకి పాకాయి. వచ్చే సంతకి పాడేరు వెళ్లే జీపులో తాతే తీసుకెళ్తానన్నాడు, మాస్టారు మాత్రం జిరాక్స్ తీయించుకుని ఒరిజినల్ దగ్గర పెట్టుకోమన్నాడు.