హిదర్, దిదర్, విదర్

మొన్న హన్మకొండ ఇంట్లో మా తాత ట్రంకు పెట్టె సర్దుతుంటే చెదలు తినగా మిగిలిన ఇంగ్లిష్ రీడర్ ఒకటి దొరికింది, అందులో 'విదర్' అనే మాట కింద తాత పెన్సిల్‌తో 'ఎటు' అని రాసుకున్నాడు. ఇక సర్దుడు ఆగిపోయింది.

హిదర్ అంటే ఇటు, దిదర్ అంటే అటు, విదర్ అంటే ఎటు. మూడింట్లోనూ ఐ, టి, హెచ్, ఇ, ఆర్ వరుసగా ఉంటాయి, మొదటి అక్షరాలే తేడా. అచ్చం మన ఇ, అ, ఎ ఆట! ఉర్దూ వినీ వినీ పెరిగిన వరంగల్ చెవికైతే ఇధర్, ఉధర్, కిధర్ అన్నట్టే ఉంటుంది.

వీటికి ఇంకో జట్టు కూడా ఉంది: హెన్స్, దెన్స్, వెన్స్. ఇక్కడినుంచి, అక్కడినుంచి, ఎక్కడినుంచి. 'నుంచి' మాటలోనే ఉన్నా 'ఫ్రమ్ వెన్స్' అనేవాళ్లు, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోనూ అట్లాగే ఉంది. ఆరింట్లో హెన్స్ ఒక్కటే రోజువారీ వాడుకలో బతికింది, అదీ 'అందుకే' అనే అర్థంతో, మా ఆఫీసు మెయిళ్లలో మరీ ఎక్కువ.

సాయంత్రం చెప్పులేసుకుంటుంటే నానమ్మ అడిగింది, "ఎటు వోతున్నవ్ బిడ్డా?"

విదర్!