సీక్రెట్ మసాలా ఏమీ లేదండీ, పాన్ వేడే

బయట తినడం తగ్గిద్దామని మొదలుపెట్టిన కొత్తలో నేను వండింది నాకే నచ్చేది కాదు, రెసిపీ అదే, సామాన్లు అవే, కానీ రెస్టారెంట్ రుచి మాత్రం వచ్చేది కాదు. వాళ్ల దగ్గర ఏదో సీక్రెట్ మసాలా ఉందేమో అనుకున్నా. తీరా చూస్తే అసలు తేడా పాన్ వేడిలో ఉంది.

మష్రూమ్స్ సంగతే చూడండి. కడిగి తడితడిగానే అన్నీ ఒకేసారి కుమ్మరించేదాన్ని, నీళ్లూరి అందులోనే ఉడికి రబ్బరు ముక్కల్లా అయ్యేవి. నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రగా వేగి ఆ కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 కావాలి, దీన్నే మయార్ రియాక్షన్ అంటారు, 1912లో ఒక ఫ్రెంచ్ సైంటిస్ట్ చెప్పాడు. ఇప్పుడైతే తడి లేకుండా తుడిచి, పాన్ బాగా కాలాక కొన్ని కొన్నే వేసి, కాసేపు కదపకుండా వదిలేస్తున్నా (ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు కదా).

అవి తీసేశాక అడుగున గోధుమరంగులో అంటుకుని ఉంటుంది చూశారా, అది మాడు అనుకుని ఇన్నాళ్లూ తోమేశా! అందులో కాసిని నీళ్లు పోసి గరిటెతో గీకి, స్టవ్ ఆపాక చల్లటి బటర్ ముక్క వేసి తిప్పితే అదే సాస్. చప్పగా అనిపిస్తే వెంటనే ఉప్పు వెయ్యను, ముందు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూస్తా, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.

డీప్ ఫ్రై ఐటమ్స్ మాత్రం ఇప్పటికీ బయటే, అంత నూనె కాచి మిగిలింది ఏం చెయ్యాలో తెలీక తల పట్టుకోవడం నా వల్ల కాదు బాబూ.