పాప తెచ్చిన రిఫండు, నేను కొన్న పిస్టల్

ఫిబ్రవరి రెండో వారంలో టాక్స్ ఫైల్ చేస్తే పద్దెనిమిదో రోజున రిఫండు, అంటే తిరిగొచ్చే పన్ను డబ్బు, బ్యాంకులో పడింది. 2,300 డాలర్ల పైచిలుకు. ఆ ముందు ఏడాది మాకు వచ్చింది మూడొందలు కూడా లేదు. ఈసారి పెరగడానికి కారణం మా పాప. 2024 నవంబరు నెలాఖరులో పుట్టింది. డిసెంబరు 31 రాత్రి పుట్టినా సరే, ఆ ఏడాదికి పిల్లల క్రెడిట్, అంటే పిల్లలున్నవాళ్లకి పన్నులో ఇచ్చే తగ్గింపు, మొత్తం ఇస్తారు. 2024కి అది 2,000 డాలర్లు.

అందులోంచి పిస్టల్ కొంటానన్నాను.

"పాప పేరు మీద వచ్చిన డబ్బుతోనా?" అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటే. ఆపైన రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. పదమూడేళ్లు హెచ్1బీ మీద ఉన్నాను. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటివి ఉంటే మినహాయింపు ఉంది, కానీ ఇమ్మిగ్రేషన్ ఫైలు పెండింగులో పెట్టుకుని అలాంటి సాహసాలు చేసే రకాన్ని కాదు నేను. గ్రీన్ కార్డు వచ్చాకే ఆఫీసులో ఒకాయన నన్ను షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. మొదటి తూటాకే చేతులు వణికాయి. ఇరవయ్యోదానికి కాస్త కుదురుకున్నాయి. ఇంటికి వస్తూ దారిలో గమనించాను, గంటసేపు ఫోన్ గుర్తుకే రాలేదు. అదీ నా కారణం. "కాలనీలో దొంగతనాలు" అని ఇంట్లో చెప్పాను గానీ అది సగమే నిజం.

కొనేముందు రేంజిలో మూడు అద్దెకు తీసుకుని చూశాను. చిన్న పిస్టల్ సులువుగా ఉంటుందనుకుంటాం. ఉల్టా. బరువు తక్కువైన కొద్దీ చేతిలో ఎక్కువ ఎగురుతుంది. చివరికి 9 ఎంఎం గ్లాక్ 19 దగ్గర ఆగాను. ఆస్ట్రియా వాళ్ల డిజైను, తూటాలు పెట్టే మ్యాగజీనులో 15 పడతాయి. పైన విడిగా సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్‌లోనే ఉంటుంది. అంటే వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లకుండా చూసుకోవాల్సింది మనమే.

మొదటిసారి షాపుకి వెళ్తే వట్టి చేతులతో తిప్పి పంపారు. తప్పు నాదే. అపార్ట్‌మెంట్ వదిలి ఇల్లు మారి ఏడాదైనా డ్రైవింగ్ లైసెన్సులో పాత అడ్రసే ఉంది. ఐడీలో ఇప్పుడుంటున్న అడ్రస్ ఉండాలి, లేదా అది ఉన్న ఇంకో ప్రభుత్వ కాగితం ఏదైనా చూపించాలి. మర్నాడు కారు రిజిస్ట్రేషన్ పట్టుకెళ్లాను, దానిలో కొత్త అడ్రస్ ఉంది. సరిపోయింది.

తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం, నంబరు 4473. ఇదీ అసలు పరీక్ష. పేరు దగ్గరే చిక్కుకున్నాను. మధ్య పేరు లేకపోతే ఖాళీ వదలకూడదట, 'ఎన్ఎంఎన్' (నో మిడిల్ నేమ్) అని రాయాలి. మధ్య పేరు ఉత్త ఇనీషియలే అయితే పక్కన 'ఐఓ' (ఇనీషియల్ ఓన్లీ) అని రాయాలి. ఇంటిపేరు పొట్టి అక్షరంగా, అసలు పేరు రెండు మాటలుగా బతికే మన జాతి కోసం ఈ గడులు గీసినట్టు లేదు. ఆ తర్వాత కౌంటీ అని ఉంటే కంట్రీ అనుకుని 'యూఎస్ఏ' అని రాసేశాను. కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన నవ్వి, "రోజుకి ఒకరైనా ఇదే రాస్తారు" అన్నాడు. కొట్టేసి మా కౌంటీ పేరు, కాలిన్ అని రాశాను.

ప్రశ్నలు అవునా కాదా అనే పద్ధతిలో ఉంటాయి. ఈ తుపాకీ నిజంగా నీకోసమేనా? ఇంకొకరి కోసం వాళ్ల డబ్బుతో కొంటూ మనకే అని రాస్తే అది పెద్ద నేరం. నేరం రుజువై శిక్ష పడిందా? గృహహింస కేసులో దోషిగా తేలావా? గంజాయి వాడతావా? రాష్ట్రంలో అనుమతి ఉన్నా ఫెడరల్ చట్టానికి అది నేరమేనని పక్కనే హెచ్చరిక. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నావా? అక్కడ 'కాదు' అని పెన్ను పెట్టినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాను. పదమూడేళ్లు ప్రతి ఫారంలో 'అవును' రాసిన చెయ్యి. పౌరులం కాకపోతే ఇమ్మిగ్రేషన్ వాళ్లిచ్చే ఏ-నంబరు కూడా రాయాలి, అది కార్డు చూసి రాశాను.

పెద్దాయన నా వివరాలు తనిఖీ కోసం ఎఫ్‌బీఐకి పంపాడు. జవాబు మూడు రకాలు: ఇచ్చెయ్, ఆగు, వద్దు. నాకు ఆరేడు నిమిషాల్లో మొదటిది వచ్చింది. టెక్సస్‌లో కొన్నాక ఆగాల్సిన రోజులంటూ లేవు, కొనడానికి ముందు పర్మిట్ కూడా అక్కర్లేదు. మా ఊళ్లో మోతుబరి గారింట్లో లైసెన్స్ తుపాకీ ఉండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. నేనైతే పప్పులూ ఉప్పులూ కొన్నంత సేపట్లో బయటికొచ్చాను. ఆ తేలికకి ఆనందించాలో భయపడాలో తెలియలేదు.

బిల్లు ఇలా అయింది: పిస్టల్ 540, దాని మీద 8.25 శాతం అమ్మకపు పన్ను కలిపి 584 డాలర్ల 55 సెంట్లు. తాళం పెట్టె 130, దానికి పన్ను లేదు. తుపాకీ భద్రత సామాన్లకి టెక్సస్‌లో పన్ను మినహాయించారు. చప్పుడు ఆపే చెవి మఫ్‌లు, రెండు వందల తూటాలు, ఒక శనివారం శిక్షణ క్లాసు, అన్నీ కలిపి తొమ్మిది వందలు దాటింది. పిస్టల్‌తో పాటు ఒక కేబుల్ తాళం ఊరికే ఇస్తారు, అమ్మేవాళ్లు తాళమో పెట్టెనో ఇచ్చి తీరాలని చట్టం. తుపాకీ ధర చూసి బడ్జెట్ వేసుకునేవాళ్లకి నా సలహా, ఇంకో సగం పక్కన పెట్టుకోండి.

ఇంట్లో పెట్టె ఎక్కడుంచాలన్న దాని మీద పట్టిన టైము, కొనడానికి పట్టినదానికి నాలుగింతలు. మంచం పక్కన అని నేను. పాప ఆర్నెల్లలో పాకుతుంది, ఏడాదిలో అన్నీ లాగుతుంది అని మా ఆవిడ. లోడు చేసిన తుపాకీ అందేలా పెట్టి, అది పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే ఇక్కడ మన మీదే కేసవుతుందని క్లాసులో చెప్పారు. అదీ ఆమె వైపు చేరింది. చివరికి బెడ్‌రూమ్ క్లోజెట్‌లో పై అరలో, గోడకి స్క్రూలు బిగించి పెట్టాం. బుల్లెట్లు వేరే పెట్టెలో. కోడ్ ఆమే పెట్టింది, నాకు చెప్పింది. బయటికి తీసుకెళ్లడం రేంజికి తప్ప లేదు. 2021 సెప్టెంబరు నుంచి లైసెన్స్ లేకుండానే నడుముకి పెట్టుకుని తిరగొచ్చన్నది నిజమే, గుడికీ కిరాణా కొట్టుకీ దాంతో వెళ్లాలనిపించలేదు.

నాన్నకి ఫోన్‌లో చెబితే, "లైసెన్స్ ఎవరిచ్చార్రా?" అని మూడుసార్లు అడిగాడు. ఎవరూ ఇవ్వక్కర్లేదంటే నమ్మలేదు. ఇప్పటికీ నేను ఏదో దాస్తున్నాననే అనుకుంటున్నాడు.

మిగిలిన పదమూడొందల పైచిలుకు పాప చదువుకి 529 ఖాతాలో వేశాం. అది మా ఆవిడ షరతు. దాంతో పాటు ఇంకోటి: ఏప్రిల్‌లో నన్ను కూర్చోబెట్టి ఆఫీసు డబ్ల్యూ-ఫోర్ ఫారం, అంటే జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పేది, మార్పించింది. పాపని అందులో చేర్చాక నెల నెలా జీతంలో కోత తగ్గింది. వచ్చే ఏడు రిఫండు పెద్దగా రాదు.

"రైఫిల్ కొనే మాట మళ్లీ ఎత్తకుండా" అంది, సబ్మిట్ బటన్ తనే నొక్కుతూ.